అవ్వ పెరుగు, నా కారు టైర్లు

నా ఎర్ర కారును మా ఇంట్లో మెచ్చుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. మా ఆయన దాన్ని "నీ గుర్రం" అంటాడు. మా నాన్నను బాపు అంటాం, ఆయనైతే మొదటిసారి చూసినప్పుడే దాని చుట్టూ తిరిగి, వంగి కిందికి తొంగిచూసి, "గిదేం కారు బిడ్డా, కడుపు నేలకు తాకుతున్నది" అన్నాడు. నేను పట్టించుకోలేదు. జనగామలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మనిషిని. నా జీతంతో నేను కొనుక్కున్న కారు. సెకండ్ హ్యాండే, కానీ ఇంజన్ శబ్దం వింటే కడుపు నిండే బండి. నాలుగు డోర్లున్నాయి కాబట్టి సంసారుల కారే అని చెప్పుకోవచ్చు. యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం సంసారం గుర్తుండదు.

దాని అందమంతా చక్రాల్లోనే ఉంది. పెద్ద పెద్ద అల్లాయ్ చక్రాలు, వాటి చుట్టూ చారెడు రబ్బరు. ఆ చక్రాలు చూసే నేను దాన్ని కొన్నాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

అవ్వకు మాత్రం ఆ కారు మీద కోపం వేరే దారిలో వచ్చింది. మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. వాళ్లుండేది కురవిలో. నేను ఎప్పుడు పోయినా, తిరుగు ప్రయాణంలో బర్రె పాలు తోడేసిన పెరుగు స్టీలు టిఫిన్లో పెట్టి, మూత మీద గుడ్డ కట్టి, ముందు సీట్లో మనిషిని కూర్చోబెట్టినట్టు కూర్చోబెడుతుంది. గరిటె పెడితే ముక్కలుగా తెగే పెరుగు అది. మహబూబాబాద్ దాటి, తొర్రూరు మీదుగా జనగామ చేరి మూత తీస్తే సగం నీళ్లు, సగం ముద్దలు. అవ్వ ఫోన్ చేసి ముందు అడిగేది నేను చేరానా అని కాదు, "పెరుగు ఎట్లున్నది?" అని. నాకు అబద్ధం నోట్లోంచి రాదు. "మజ్జిగైంది" అంటాను. "నీ కార్ల పెరుగు గూడ బతుకది" అని ఫోన్ పెట్టేస్తుంది.

అదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, అవ్వ నడుముకు ఆపరేషన్ అయ్యేదాకా.

నిరుడు వరంగల్ దవాఖానలో అయింది. వంగకూడదు, కుదుపులు తగలకూడదు అని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఇంటికి తీసుకురావడానికి పెద్ద కిరాయి బండి మాట్లాడాం. దాని మెట్టు ఎత్తు, అవ్వ కాలు లేవలేదు. ఎలాగో ఎక్కించాక దారి పొడుగునా బండి అటూ ఇటూ ఊగింది. ఇంటి ముందు దింపేసరికి ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. మా అవ్వ ఏడవగా నేను చూడటం అదే మొదలు. ఆ రోజు నుంచి కురవి దాటి అడుగు పెట్టనని కూర్చుంది. నడక మెరుగైంది, వంట కూడా చేసుకుంటోంది. బండి పేరెత్తితే మాత్రం మొహం తిప్పుకునేది.

అప్పుడు వచ్చింది చెల్లె ఇంటి ముచ్చట. మా చెల్లె భూపాలపల్లిలో ఉంటుంది. దాని భర్త, మా మరిది, బొగ్గు బాయిలో పని చేస్తాడు. ఇన్నేళ్లు క్వార్టర్‌లో ఉండి, ఇప్పుడు సొంత ఇల్లు కట్టుకున్నారు. మా దిక్కు ఆడబిడ్డ కొత్తింట్లోకి పోతుంటే తల్లిగారింటివాళ్లు వచ్చి ఒడిబియ్యం పోయాలి. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, పసుపు కొమ్ములు తల్లి తన దోసిళ్లతో బిడ్డ కొంగులో పోస్తుంది. మిగతా ఆడవాళ్లు ఎంతమంది పోసినా తల్లి దోసిలి తల్లి దోసిలే. పెళ్లయిన బిడ్డకు కొన్నేళ్లకోసారి కూడా పోస్తారు, చెల్లెకు అలా మళ్లీ పోయాల్సిన ఏడాదే అవ్వకు ఆపరేషన్ వచ్చింది, ఆగిపోయింది. చెల్లె అత్తగారు అప్పటి నుంచి "మీ తల్లిగారోళ్లు మరిచిపోయినట్టున్నరు" అని సూది గుచ్చినట్టు గుచ్చుతూనే ఉంది.

చెల్లె ఫోన్లో ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేది. "అక్కా, అవ్వ రాకపోతే నేను ఎవ్వలతోని పోయించుకోను. ఒట్టి కొంగుతోనే ఇంట్లకు పోత" అన్నది. దాని మొండితనం నాకు తెలుసు, నాదీ అదే నెత్తురు కదా. అన్నంత పని చేస్తుంది. చేస్తే, ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లు అది ఆ మాట మోయాలి.

కురవికి పోయి అవ్వను నిలదీశాను.

"నాకు మాత్రం ఉండదానే బిడ్డ ఇల్లు చూడాలని?" అన్నది అవ్వ. "గని, పెరుగే బతుకని నీ కార్ల నా నడుం బతుకుతదా?"

"పెరుగు బతికితె వస్తవా?"

అవ్వ నా మొహం చూసింది. నేను ఎగతాళి చేయడం లేదని ఆమెకు అర్థమైంది.

"బతికితె వస్త."

అంతే. ఇక నాకు వేరే ఆలోచన లేదు. ఎట్లాగూ నా టైర్లు అరిగి నున్నగా అయ్యాయి. పాలకుర్తి దగ్గర గుంతలో పడి ఒక టైరు పక్కకు బొడిపె కట్టింది కూడా. మార్చక తప్పదు. ఏవి వేయాలన్నదే ప్రశ్న, ఆ ప్రశ్నకు జవాబు ఆ రాత్రి అన్నం తింటుండగానే నాకు దొరికింది.

జనగామలో హైదరాబాద్ రోడ్డు మీది టైర్ల దుకాణానికి నేనూ మా ఆయనా పోయాం. దుకాణం ఆయన నన్ను కుర్చీలో కూర్చోమని, మా ఆయన వైపు తిరిగాడు. "చెప్పండి సార్, ఎట్లాంటియి చూపియ్యమంటరు?"

మా ఆయన చాయ్ గ్లాసుతో నన్ను చూపించాడు. "నేను డ్రైవర్‌ను గూడ కాదన్న. ఎనుక సీట్ల కూసునేటోన్ని. గామెను అడుగు."

దుకాణం ఆయన మంచివాడే, వెంటనే సర్దుకున్నాడు. ఇదే సైజులో రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి బాణం గుర్తుల ట్రెడ్‌ది, వానలో కూడా రోడ్డును వదలదన్నాడు. రెండోది ఖరీదు ఎక్కువ, రబ్బరు మెత్తన, శబ్దం రాదన్నాడు. రెండోదాన్ని బొటనవేలితో నొక్కి చూశాను. నిజంగానే మెత్తగా ఉంది. ఇంకొకరైతే అక్కడే ఆగిపోయేవారు.

"అన్నా, కుదుపును మింగేది రబ్బరు కాదు, లోపల ఉన్న గాలి. గాలికి చోటే లేకపోతే రబ్బరు ఎంత మెత్తగుండి ఏం లాభం?" అన్నాను. "ఇదే కారుల తక్కువ మోడల్‌కు చక్రం ఒక అంగుళం చిన్నగ వస్తది. ఆ చక్రాలు తెప్పియ్యి. వాటికి పక్క గోడ ఎత్తున్న టైర్లు ఎయ్యి. మొత్తం ఎత్తు ఒక్కటే ఉంటది, స్పీడ్ మీటర్ తేడా రాదు. లెక్క చూసుకున్న."

ఆయన నోరు వెళ్లబెట్టాడు. "మేడం, పోరగాళ్లంత చిన్నయి పీకి పెద్దయి ఏపిచ్చుకుంటరు. పెద్దయి పీకి చిన్నయి ఏపిచ్చుకునేటోళ్లను నేను ఇప్పటిదాక సూడలే. బండి మొహమే పోతది."

"పోనీ."

"అమ్మేటప్పుడు ఎవ్వడు కొనడు."

"అమ్ముతానని ఎవరు చెప్పిన్రు?"

మా ఆయన చాయ్ గ్లాసు చాటున నవ్వుతున్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ ఆయన సంగతి ఇంటికి పోయాక చూద్దామనుకున్నాను. చక్రాలు రావడానికి కొన్ని రోజులు పట్టింది. వచ్చినరోజు టైర్లు బిగించకముందే పక్కన అచ్చువేసిన తయారీ వారం చదివాను. రెండు టైర్లు కొత్తవి, రెండు ఎప్పటివో. గోదాములో వేడికి మగ్గినవి. వాటిని తిప్పి పంపించి, నాలుగూ ఒకే సమయానివి తెప్పించుకున్నాను. మోసే బరువు అంకె కూడా కంపెనీ చెప్పినదానికి తగ్గకుండా చూసుకున్నాను. దుకాణం ఆయన చివరికి, "మేడం, మీరొచ్చిన దినం వేరే గిరాకి పెట్టుకోను" అన్నాడు. దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

బిగించాక దూరంగా నిలబడి చూశాను. దిగులేసింది, ఎందుకు దాచుకోవాలి? నా కారు పొగరంతా దిగిపోయి, పెళ్లిచూపులకు కూర్చోబెట్టిన పిల్లలా తల వంచుకొని ఉంది. "గుర్రానికి హవాయి చెప్పులు తొడిగినవ్" అన్నాడు మా ఆయన. ఇద్దరం రోడ్డు మీదే పడి నవ్వాం. పాత అల్లాయ్ చక్రాలను చద్దరులో చుట్టి మెట్ల కింద దాచిపెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఆదివారం కురవికి పోయి, పెరుగు టిఫిన్ ముందు సీట్లో పెట్టుకొని అదే దారిన జనగామ వచ్చాను. కావాలని ఒక్క గుంతనూ తప్పించలేదు. ఇంట్లోకి వచ్చి వీడియో కాల్ చేసి, అవ్వ కళ్ల ముందే మూత తీశాను. పెరుగు అద్దంలా నిలబడి ఉంది. గరిటె పెడితే ముక్క తెగి వచ్చింది.

"అంచుకు జర నీళ్లున్నయి" అన్నది అవ్వ.

"గవి ఇంట్ల ఉట్టి మీద ఉన్నా తేలుతయి అవ్వా!"

అవ్వ ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకొని ఇంకోసారి చూసింది. "సరే తియ్యి. వస్త" అన్నది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది, వేశాను కూడా. కింది వాటా వాళ్లు పైకి చూశారు.

ప్రయాణానికి ముందురోజే కురవి చేరాను. మా ఆయన జనగామ నుంచి నేరుగా భూపాలపల్లికి వస్తానన్నాడు. తెల్లవారగానే బాపు కారు తాళాలు అడిగాడు. కొత్త టైర్లు వేసిన బండి, శుభానికి పోతున్నాం, వీరభద్రస్వామి గుడి ముందు పూజ చేయించుకొస్తానన్నాడు. బాపు ట్రాక్టర్ నడిపిన చేయి, కారు కూడా బాగానే నడుపుతాడు. ఇచ్చాను. తిరిగి వచ్చేసరికి కారు కడిగించి ఉంది, బానెట్ మీద పసుపు కుంకుమలు, అద్దం దగ్గర పూలదండ, నాలుగు టైర్ల మీదా తొక్కించిన నిమ్మకాయల రసం. బాపు మొహం వెలిగిపోతోంది.

అవ్వను ముందు సీట్లో మెల్లగా కూర్చోబెట్టాను. మా బండి ఎత్తు ఆమె నడుముకు సరిగ్గా ఉంది, కాలు ఎత్తే పనే లేదు. కడుపు నేలకు తాకే కారుతో అదొక లాభం. పెరుగు టిఫిన్ తానే ఒడిలో పెట్టుకుంది. బాపు వెనక సీట్లో ఒడిబియ్యం మూటతో, చీరల సంచీతో కూర్చున్నాడు.

ఊరు దాటేచోట స్పీడ్ బ్రేకర్ ఎక్కాం. కారు రాయి మీద రాయి పడ్డట్టు దిగింది. "అమ్మో" అన్నది అవ్వ.

ఇంకా నెమ్మది చేశాను. రోడ్డుకు వేసిన అతుకు మీద కూడా కారు ఎగిరి పడుతోంది. స్టీరింగ్ నా చేతుల్లో దడదడలాడుతోంది. అవ్వ ఒక చేత్తో టిఫిన్, ఇంకో చేత్తో డోర్ పిడి పట్టుకొని పెదవులు బిగించింది. ఇంకో గుంత. ఆమె కళ్లు మూసుకుంది.

"బిడ్డా, ఎనుకకు తిప్పు. నాతోని కాదు."

మహబూబాబాద్ ఇంకా రాలేదు. భూపాలపల్లి ఎక్కడో ఉంది. అక్కడ చెల్లె పొద్దున్నుంచి ఏమీ తినకుండా కూర్చొని ఉంటుంది. ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం, దుకాణం ఆయన వెళ్లబెట్టిన నోరు గుర్తొచ్చింది. కానీ నా లెక్క తప్పు కాదు. ఇదే కారు, ఇవే టైర్లు, మొన్ననే ఇదే రోడ్డు మీద పెరుగును కదలనియ్యలేదు. బరువు పెరిగితే కారు ఇంకా మెత్తబడాలి గానీ రాయిలా ఎందుకైంది? మారింది టైర్లు కాదు, టైర్లలో ఏదో మారింది. అద్దంలో వెనక సీటు చూశాను. బాపు నిశ్చింతగా కిటికీలోంచి పొలాలు చూస్తున్నాడు.

"బాపూ, పొద్దుగాల కారు ఏడేడికి తీస్కపోయినవ్?"

"గుడికి."

"గుడికాడికెల్లి?"

"గుడికాడికెల్లి ఏడికి పోత? కడిగిచ్చిన, గాలి కొట్టిచ్చిన, ఇంటికొచ్చిన."

"ఎంత గాలి?"

"గట్టిగ కొట్టిచ్చిన బిడ్డా. ముగ్గురం పోతున్నం, బియ్యం మూట ఉన్నది, సామానున్నది. లోడు బండికి గాలి లేకుంటె ఎట్ల? వడ్ల ట్రాలీకి కొట్టిచ్చినట్టు కొట్టిచ్చిన. గాలి కొట్టేటోడు వద్దన్నడు, నేనే కొట్టుమన్న."

కారు పక్కకు ఆపేశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, అందుకని అరిచాను. "బాపూ! గిది వడ్ల ట్రాలీనా? నీ పెండ్లాం వడ్ల బస్తానా? నెల దినాల సంది నేను గాలి కోసమే కొట్లాడుతున్న, నువ్వు గంటల రాయి జేసి పెడితివి!"

అవ్వ వెనక్కి తిరగలేదు, తిరగకూడదు కదా, ముందుకే చూస్తూ అందుకుంది. "జిందగంత ట్రాక్టరే. గీయనకు మనిషి గూడ ట్రాక్టరే."

బాపు ఒడిబియ్యం మూట ముడి సర్దుకున్నాడు. సన్నగా, "నీ నడుం కోసమే గదనే కొట్టిచ్చిన. టైరు కూలబడితె కుదుపు తగులుతది అనుకున్న" అన్నాడు. ఆ గొంతు విన్నాక నా కోపం ఎక్కడ పోయిందో పోయింది. పాపం, రాత్రంతా ఆయన కూడా ఆ నడుము గురించే ఆలోచించాడు.

డాష్‌బోర్డ్ డబ్బాలో నా గాలి మీటర్ ఎప్పుడూ ఉంటుంది. పట్టుచీర కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య బిగించి రోడ్డు పక్కన కూర్చున్నాను. మీటర్ ముల్లు చూసి నా కళ్లు తిరిగాయి. ఒక్కో చక్రం దగ్గరా సుయ్యిమని గాలి వదులుతూ, మీటర్ పెట్టి చూస్తూ, మళ్లీ వదులుతూ పోయాను. టైర్లు వేడి మీద ఉన్నాయి కాబట్టి చల్లగా ఉన్నప్పుడు ఉండాల్సిన లెక్క కంటే కొంచెం ఎక్కువే ఉంచాను. బాపు నా పక్కనే నిలబడి వాల్వ్ మూతలు అరచేతిలో పట్టుకున్నాడు. బస్సుల్లోవాళ్లు కిటికీల్లోంచి చూసుకుంటూ పోయారు. చూసుకోనీ.

మళ్లీ ఎక్కి, తాళం తిప్పకుండా అవ్వ చేయి పట్టుకున్నాను. "ఇంకొక్క గుంత చూడు అవ్వా. గప్పటికి గూడ నొప్పయితె నేనే కారు తిప్పుత. చెల్లెకు నేనే చెప్పుకుంట."

ఆమె చేయి విడిపించుకొని డోర్ పిడి పట్టుకుంది. బయలుదేరాను. మహబూబాబాద్ మొదట్లో పెద్ద స్పీడ్ బ్రేకర్ ఉంది. కారు మెల్లగా పైకి లేచి, మెల్లగా దిగింది. అవ్వ ఒడిలో టిఫిన్ కదల్లేదు. ఆమె డోర్ పిడి మీది చేయి తీసి టిఫిన్ మీద పెట్టుకుంది.

"ఊఁ, పో" అన్నది.

పోయాను. నర్సంపేట మీదుగా పరకాల చేరాం. పరకాల దాటాక బొగ్గు లారీలు మొదలయ్యాయి. రోడ్డు అంచులు నల్లగా, అక్కడక్కడ చక్రాల బరువుకు కుంగి ఉంటాయి. నేను నడిపే తీరు తెలిసినవాళ్లు ఆ రోజు నన్ను చూస్తే నమ్మరు. నిండు లారీ ఒకటి వెనక హారన్ కొట్టి, విసుగెత్తి, నా ఎర్ర కారును దాటుకొని పోయింది. జన్మలో అదే మొదటిసారి. పోతే పోనీ అనుకొని పక్కకు చూశాను. అవ్వ నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకొని, టిఫిన్ మీద రెండు చేతులూ వేసుకొని హాయిగా నిద్రపోతోంది. వెనక నుంచి బాపు వంగి, "నిద్ర పట్టిందా?" అని గుసగుసగా అడిగాడు. తల ఊపాను. ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

భూపాలపల్లిలో చెల్లె కొత్తింటి ముందు పందిరి వేసి ఉంది. మా ఆయన అప్పటికే అక్కడ ఉన్నాడు. చెల్లె గేటు దగ్గర నిలబడి ఉంది, పరుగెత్తి రాలేదు. కారు డోర్ తెరుచుకొని అవ్వ కాలు నేల మీద పెట్టేదాకా ఆ కాలునే చూస్తూ ఉంది. అవ్వ లేచి నిలబడ్డాక అప్పుడు వచ్చి, నడుముకు తగలకుండా ఎక్కడ పట్టుకోవాలో తెలియక భుజాలు పట్టుకుంది. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది. "వచ్చిన్రా" అని మాత్రం అన్నది. నేను "రాకుండ ఎట్లుంటం అత్తమ్మా" అన్నాను, కొంచెం గట్టిగానే.

లోపలికి అడుగు పెట్టాక నాకు ఒకటి తట్టింది. ఒడిబియ్యం పోయించుకునే ఆడబిడ్డ నేల మీద పీట వేసుకొని కూర్చుంటుంది. తల్లి వంగి పోయాలి. అవ్వ వంగకూడదు. నెల రోజులుగా టైర్లు, గాలి, గుంతలు, పెరుగు అని కొట్టుకున్న నాకు ఈ సంగతి ఒక్కసారి కూడా బుర్రలోకి రాలేదు.

చెల్లె నన్ను దాటుకొని హాల్లోకి నడిచింది. అక్కడ గోడకు ఆనించి, నున్నగా సిమెంటు చేసిన అరుగు ఒకటి ఉంది. గోడ నుంచి హాలు మధ్యదాకా అడ్డంగా పొడుచుకొచ్చి, నడుమెత్తున. దాని మీద పసుపు రాసిన పీట పెట్టి ఉంది. పక్కనున్న స్టూలు మీద కాలు పెట్టి చెల్లె ఆ పీట ఎక్కి కూర్చుంది.

"మా అమ్మ మొత్తుకున్నది వదినా, నట్టింట్ల గిదేం అరుగు, అడ్డం అని" అన్నాడు మరిది నా పక్కకు వచ్చి. "గోడలు లేస్తున్నప్పుడే మీ చెల్లె పట్టు పట్టి కట్టిచ్చింది. మా అవ్వకు వంగరాదు అన్నది. మొన్న అందరం మీ అవ్వ రాదు తియ్యి, కూలగొడదాం అన్నం. చెయ్యి పెట్టనియ్యలే."

పోయినసారి కురవికి వచ్చినప్పుడు చెల్లె అవ్వను గోడకు నిలబెట్టి టేపుతో కొలుచుకోవడం నాకు గుర్తుంది. జాకెట్ కుట్టించడానికి అనుకున్నాం.

అవ్వ పెరుగు టిఫిన్ నా చేతికిచ్చింది. నిటారుగా నడిచి అరుగు ముందు నిలబడింది. చెల్లె పరిచిన కొంగు సరిగ్గా ఆమె చేతుల ఎత్తుకు వచ్చింది. బాపు మూట విప్పాడు. అవ్వ రెండు చేతుల నిండా పసుపు బియ్యం తీసుకొని, నడుము ఒక్క వేలెడు కూడా వంచకుండా, పోయడం మొదలుపెట్టింది. కుడుకలు, వక్కలు, మళ్లీ బియ్యం. చెల్లె కళ్లు తుడుచుకోలేదు, చేతులు కొంగు పట్టుకొని ఉన్నాయి. నాకు టిఫిన్ మూత తీసి చూడాలన్న ధ్యాసే లేదు.

"నిండిందా బిడ్డా?" అని అడిగింది అవ్వ.

"ఇంకో దోసిలి పొయ్యి అవ్వా" అన్నది చెల్లె.